బేస్ గిటార్ సౌండ్ బాగా రావడం లేదా? పికప్‌లు కొనే ముందు వరుసగా చూడాల్సినవి

“అన్నా, బేస్ సౌండ్ అస్సలు బాలేదు, పికప్‌లు మార్చేయమంటావా?” అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను తిరిగి అడిగేది ఒక్కటే: తీగలు మార్చి ఎన్నాళ్లయింది? అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత చిన్నగా, “కొన్నప్పుడు వచ్చినవేనన్నా.”

బేస్ సౌండ్ వేళ్ల దగ్గర మొదలై తీగ, నెక్, పికప్ (తీగ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం), నాబ్‌లు, కేబుల్, యాంప్ మీదుగా గది గోడల దాకా వెళ్తుంది. తప్పు ఎక్కడుందో తెలియకుండా ఏది మార్చినా డబ్బు దండగే. అందుకే ఇక్కడ చెప్పిన వరుసలో వెళ్లండి. ఖర్చు లేనివి ముందు పెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక వినండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

కొలతలన్నీ మామూలుగా దొరికే 34 అంగుళాల స్కేలు, నాలుగు తీగల బేస్‌కి.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ట్యూనర్ (ఫోన్ యాప్ చాలు)
- మిల్లీమీటర్లు స్పష్టంగా కనిపించే స్టీల్ స్కేలు
- మీ బేస్‌కి సరిపోయే ఆలెన్ కీలు, స్క్రూడ్రైవర్
- బాగున్నట్టు తెలిసిన ఇంకో కేబుల్
- ఒక విజిటింగ్ కార్డ్
- యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ
- మామూలు మల్టీమీటర్ (ఉంటే మంచిది, లేకపోయినా సగం పని అవుతుంది)

ఆలెన్ కీ విషయంలో మాత్రం సర్దుకుపోవద్దు. ఇంట్లో ఉన్నదేదో దూర్చి తిప్పితే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) తల అరిగిపోతుంది. అప్పుడు ఆ రిపేరు ఖర్చు తీగల సెట్టు ధరలో ఉండదు.

## 2. “బాలేదు” అంటే ఏమిటో తేల్చుకోండి

“సౌండ్ బాలేదు” అన్న ఒక్క మాటలో పది రకాల జబ్బులు దాక్కుంటాయి. మీది ఏదో చూసుకోండి. చివర ఉన్న అంకె ఇక్కడి భాగం నంబరు.

- మొద్దుగా, దుప్పటి కప్పినట్టు ఉంది: 4, 10 చూడండి
- తీగ ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతకి) తగిలి గరగరలాడుతోంది: 5
- పై ఫ్రెట్లలో శృతి తప్పుతోంది: 6
- ఒక తీగ గట్టిగా, ఇంకోటి నీరసంగా వినిపిస్తోంది: 4, 7
- గుయ్‌మని ఆగకుండా మోత: 8
- కదిలిస్తే పట్‌పట్, నాబ్ తిప్పితే బరబర: 8
- గట్టిగా మీటితే చిరిగినట్టు వస్తోంది: 9
- ఇంట్లో బాగుంది, బ్యాండ్‌లో కలిస్తే వినపడదు: 10, 11

ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్ స్పీకర్‌లోనే విని “లో సౌండ్ రావట్లేదు” అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓపెన్ ఇ తీగ (అన్నిటికన్నా లావుది, ఫ్రెట్ నొక్కకుండా మీటితే) మూల స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. హెడ్‌ఫోన్‌లో విని మాట్లాడండి.

## 3. గొలుసును రెండుగా విడగొట్టండి

ఈ పదినిమిషాల పని సగం ఊహాగానాలను తీసేస్తుంది.

మొదటి పరీక్ష: కేబుల్ తీసేయండి. బేస్ బాడీ పైకొమ్ముకి చెవి ఆనించి ఒక్కో తీగా మీటండి. చెక్కలోంచి వచ్చే సౌండ్ నిండుగా, పొడుగ్గా నిలిస్తే వాయిద్యం ఆరోగ్యంగా ఉన్నట్టే. తప్పు పికప్ నుంచి అవతలి వైపు ఉంది. ఇక్కడే చప్పగా ఉంటే యాంప్ జోలికి వెళ్లకండి, 4, 5 చూడండి.

రెండో పరీక్ష: పెడల్స్ అన్నీ పీకేసి, రెండో కేబుల్‌తో బేస్‌ను నేరుగా యాంప్‌కి పెట్టండి. బేస్ నాబ్‌లన్నీ పూర్తిగా తెరవండి. యాంప్ ఈక్యూ నాబ్‌లన్నీ (బేస్, మిడ్, ట్రెబుల్ పెంచి తగ్గించేవి) మధ్యలో పెట్టండి.

మూడో పరీక్ష: వీలైతే అదే యాంప్‌లో స్నేహితుడి బేస్ పెట్టండి, మీ బేస్‌ను ఇంకో యాంప్‌లో పెట్టండి. జబ్బు ఎవరి వెంట వెళ్తుందో తెలిసిపోతుంది.

## 4. తీగలు

నా దగ్గరికి వచ్చే బేస్‌లలో ఎక్కువ వాటికి మందు ఇదే. చెమట, చర్మపు మురికి తీగ చుట్ల మధ్యలో దూరి గట్టిపడతాయి. తీగ స్వేచ్ఛగా ఊగదు, పై స్వరాలు చచ్చిపోతాయి, ట్యూనర్ ముల్లు ఒకచోట నిలవదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. తీగ అడుగున వేలు పెట్టి రుద్దండి. గరుకుగా తగిలినా, వేలికి నలుపు అంటినా వాటి పని అయిపోయింది.

తీగలను నీళ్లలో మరిగిస్తే మళ్లీ మోగుతాయని విని ఉంటారు. నిజమే, మురికి కొంత వదులుతుంది. కానీ ఆ మెరుపు కొద్ది రోజులే. రేపు ప్రోగ్రాం ఉండి కొత్త సెట్టు దొరకనప్పుడు మాత్రమే ఆ పని చేయండి.

కొత్త తీగలు వేసినా ఒకటి మాత్రం మొద్దుగా పలుకుతుందా? తీగను తప్పు పట్టకముందు వేసిన పద్ధతి చూడండి.

1. తీగను కత్తిరించే ముందే, కత్తిరించే చోటికి కాస్త ఇవతల 90 డిగ్రీలు వంచండి. వంచకుండా కోస్తే లోపలి తీగ మీద పైచుట్టు జారిపోతుంది. ఆ తీగ ఇక మోగదు.
2. బిగించేటప్పుడు తీగ మెలికపడకూడదు. మెలికపడిందని అనుమానం వస్తే పెగ్ దగ్గర వదులు చేసి, మెలిక విప్పి మళ్లీ బిగించండి.
3. పెగ్ మీద రెండు మూడు చుట్లు, పైనుంచి కిందికి దిగాలి. అప్పుడే తీగ నట్ (నెక్ పైచివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) మీద గట్టిగా కూర్చుంటుంది.
4. శృతి చేశాక సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) ముందు, నట్ ముందు తీగను బొటనవేలితో మెల్లగా కిందికి నొక్కండి. అక్కడ తీగ వంపు తిరిగి ఉంటే స్వరం పొగలా చెదురుతుంది. నొక్కగానే సూటిగా నిలుస్తుంది. నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చే పని బేస్ మీద ఇంకోటి లేదు.

ఒక మినహాయింపు: జి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద 5 నుంచి 7వ ఫ్రెట్ మధ్య ఒక స్వరం మిగతావాటి కన్నా తొందరగా ఆరిపోతుంటే అది తీగ తప్పు కాదు. నెక్‌ను బోల్టులతో బిగించిన బేస్‌లలో ఇది చాలా మామూలు. ఆ స్వరం దగ్గర నెక్ తానే ఊగి తీగ శక్తిని లాగేసుకుంటుంది. హెడ్‌స్టాక్‌కి (పెగ్‌లుండే తలకి) కాస్త బరువున్న క్లాంప్ పెడితే ఆ చోటు జరుగుతుంది. లేదంటే అదే స్వరాన్ని డి తీగ మీద వాయించుకోండి. నేను చేసేది అదే.

## 5. నెక్, తీగ ఎత్తు, గరగర

గరగర ఎక్కడ వస్తుందో రాసుకుంటే కారణం సగం దొరికినట్టే.

- ఓపెన్ తీగలో మాత్రమే: నట్ గాడి లోతెక్కువైంది.
- 1 నుంచి 5వ ఫ్రెట్ దాకా: నెక్ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది.
- 12వ ఫ్రెట్ పైన: తీగ ఎత్తు తక్కువ, లేదా నెక్ వంపు ఎక్కువ.
- ఒకే ఒక్క చోట: ముందున్న ఫ్రెట్ లేచింది.

నెక్ వంపు చూడటం. శృతి చేసిన బేస్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోండి. ఇ తీగను 1వ ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. చేతులు చాలవు కాబట్టి పక్కన ఎవరినైనా పిలవండి, లేదా 1వ ఫ్రెట్‌కి కాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. ఇప్పుడు 8వ ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.3 మి.మీ. అటూ ఇటూ ఉండాలి. విజిటింగ్ కార్డ్ మందం దాదాపు అంతే. కార్డ్ తీగను కదిలించకుండా దూరితే సరిపోయింది.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను కుడివైపుకి బిగించాలి, తక్కువుంటే ఎడమకి వదలాలి. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి. తిప్పాక మళ్లీ శృతి చేసి, కాసేపు ఆగి, కొలవండి. గట్టిగా ఉండి కదలకపోతే బలం చూపించకుండా పనివాడికి ఇవ్వండి.

చెక్క వాతావరణాన్ని పట్టి కదులుతుంది. మేలో బాగున్న సెట్టింగు వానాకాలానికి మారిపోతే కంగారు పడకండి. ఏడాదికి రెండు మూడుసార్లు చూసుకోవడం మామూలే.

తీగ ఎత్తు. నెక్ వంపు కుదిరాకే దీన్ని ముట్టుకోండి. 17వ ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా ఇ తీగకి 2.4 మి.మీ., జి తీగకి 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా మీటేవాళ్లు కాస్త పైకి, మెత్తగా వాయించేవాళ్లు కాస్త కిందికి.

అందరూ చేసే తప్పు: గరగర వినగానే సాడిల్ స్క్రూలు తిప్పి తీగలను ఎత్తేయడం. నెక్ వెనక్కి వంగి ఉంటే తీగలు ఎంత ఎత్తినా కింది ఫ్రెట్లలో గరగర పోదు, చెయ్యి మాత్రం నొప్పెడుతుంది.

ఇంకో మాట. కేబుల్ లేకుండా వినిపించే చిన్న గరగర యాంప్‌లో వినపడకపోతే వదిలేయండి. దాన్ని పూర్తిగా చంపాలని చూస్తే వాయించడానికి రాని బేస్ మిగులుతుంది.

## 6. 12వ ఫ్రెట్ శృతి

తీగలు కొత్తవి అయ్యాక, ఎత్తు కుదిరాక చేసే పని. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే గంటలాంటి స్వరం) మీటి శృతి చేయండి. అదే చోట మామూలుగా నొక్కి మీటండి.

- నొక్కిన స్వరం హార్మోనిక్ కన్నా పై శృతిలో పలికితే సాడిల్‌ను వెనక్కి, అంటే నెక్‌కి దూరంగా జరపండి.
- కింది శృతిలో పలికితే నెక్ వైపు జరపండి.

ప్రతిసారీ మళ్లీ శృతి చేసి చూడాలి. పాత తీగలతో ఈ పని చేయడం వృథా.

## 7. పికప్ ఎత్తు

ఒక స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పని. అయినా ఎక్కువమంది ముట్టుకోరు, అదేదో కంపెనీ వాళ్లే చూసుకునే విషయం అన్నట్టు ఉంటారు.

తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. తీగ అడుగు నుంచి పికప్ అయస్కాంతం తల దాకా స్కేలుతో కొలవండి. ఇ వైపు 3 మి.మీ., జి వైపు 2.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి చెవికి వదిలేయండి.

- మరీ దగ్గరైతే: సౌండ్ గట్టిగా వస్తుంది కానీ టక్‌టక్ అని కొడుతుంది. అయస్కాంతం తీగను లాగడంతో పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది, 6లో చేసిన శృతి కుదరదు.
- మరీ దూరమైతే: నీరసంగా, ఎక్కడో పక్క గదిలో మోగినట్టు ఉంటుంది.

వరుస ఇలా: ముందు ఇ, జి తీగలు సమంగా వినిపించేలా రెండు చివర్లూ సర్దండి. తర్వాత రెండు పికప్‌లు ఉంటే, ఒక్కోదాన్నీ విడిగా విని బ్రిడ్జ్ వైపు పికప్‌ను కాస్త పైకి తీసుకురండి. అక్కడ తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి దానికి ఆ సాయం కావాలి. అరచుట్టు తిప్పండి, వినండి, మళ్లీ అరచుట్టు.

మొన్నామధ్య ఒక తమ్ముడు కొత్త పికప్‌ల కోసం డబ్బు కూడబెట్టుకుని వచ్చాడు. జి తీగ అసలు వినపడట్లేదని బాధ. చూస్తే జి వైపు పికప్ 6 మి.మీ. కిందకి దిగిపోయి ఉంది. స్క్రూ తిప్పితే పైకి రాదు, ఎందుకంటే అడుగున ఉండే స్పాంజి ముక్క ఎండి పొడైపోయింది. చెప్పుల దుకాణంలో దొరికే మెత్తని ఫోమ్ కోసి పెట్టాం. ఆ డబ్బుతో తీగలు కొనుక్కుని, మిగిలింది పెట్టి బిర్యానీ తినిపించాడు.

## 8. హమ్, పట్‌పట్, బరబర

హమ్‌కి, అంటే గుయ్‌మనే మోతకి, ఒక శృతి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ 3వ ఫ్రెట్‌లో పలికే జి స్వరం 49 హెర్ట్జ్. మీ మోత ఆ స్వరానికి, లేదా దాని పై స్థాయికి దగ్గరగా ఉంటే అది కరెంటు నుంచి వచ్చిందే. ఇక దారి వెతకండి.

1. బేస్ వాల్యూమ్ సున్నా చేయండి. మోత అలాగే ఉంటే కేబుల్, యాంప్ లేదా కరెంటు పాయింటు. పోతే బేస్ లోపలి సంగతి.
2. నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో తగ్గితే సింగిల్ కాయిల్ పికప్ (ఒకే వైరు చుట్ట ఉన్నది) చుట్టుపక్కల మోతను పట్టుకుంటోంది. ట్యూబ్‌లైటు, కంప్యూటర్, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరం జరగండి. మెట్లు లేకుండా గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, స్టేజీ లైట్ల డిమ్మర్ అయితే ఘోరం. ఫ్యాన్‌ను ఫుల్లులో పెట్టడమో, ఆపడమో చేసి చూడండి.
3. రెండు సింగిల్ కాయిల్స్ ఉన్న జాజ్ తరహా బేస్‌లో రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరవండి. చాలావాటిలో రెండో కాయిల్ ఎదురుగా చుట్టి ఉంటుంది కాబట్టి మోత కొట్టుకుపోతుంది. ఒకటి కొంచెం తగ్గించినా మళ్లీ వస్తుంది.
4. తీగ ముట్టుకోండి. మోత తగ్గితే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు బాగుంది, లోపల షీల్డింగ్ (బయటి మోతను అడ్డుకునే కవచం) లేదు: పికప్‌లు, నాబ్‌లు కూర్చునే గుంతకి రాగి టేపు వేసి, దాన్ని గ్రౌండ్‌కి కలపాలి. ఏమీ తేడా లేకపోతే బ్రిడ్జ్ కిందికి వెళ్లే వైరు తెగి ఉండొచ్చు.

ఇది మాత్రం ప్రాణం మీది సంగతి. మోత పోతుందని యాంప్ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లను చూశాను. ఎప్పుడూ చేయకండి. పందిరి స్టేజీలు, జనరేటర్ల దగ్గర ఎర్త్ సరిగ్గా ఉండదు; చేతిలో తీగలు, పెదవులకి మైకు, మధ్యలో మీరు. పాడే ముందు మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి తీగకీ మైకు జాలీకీ మధ్య కొలవండి. ఒకటి రెండు వోల్టులు మించి చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మైకు జోలికి వెళ్లొద్దు. మోత పోగొట్టాలంటే బేస్ యాంప్, మిక్సర్ రెండూ ఒకే పాయింటు నుంచి తీసుకోండి, లేదా డీఐ బాక్సు (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను కాదు.

పట్‌పట్: కేబుల్ రెండు చివర్లూ ఆడించండి. కేబుల్ మార్చినా ఉంటే బేస్ జాక్. జాక్ నట్టు వదులై లోపల మొత్తం తిరిగిపోతే వైర్లు మెలికపడి తెగుతాయి. ప్లేటు విప్పి, జాక్‌ను లోపల పట్టుకుని నట్టు బిగించండి. టంకం బూడిదరంగులో, గుల్లగా కనిపిస్తే మళ్లీ వేయాలి.

బరబర: వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) లోపల దుమ్ము. ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ రంధ్రంలో కొంచెం కొట్టి, నాబ్‌ను ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వద్దు.

పికప్ బతికుందా? పాసివ్ బేస్‌కి (బ్యాటరీ లేనిదానికి) కేబుల్ పెట్టి, వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరిచి, అవతలి చివర మల్టీమీటర్‌తో కొలవండి. ప్రెసిషన్ తరహా పికప్ (రెండు ముక్కలుగా ఉండేది) 10 కిలో ఓమ్‌ల చుట్టూ చూపిస్తుంది. 250 కిలో ఓమ్‌లకు దగ్గరగా చూపిస్తే మీటర్‌కి కనిపిస్తున్నది పాట్ మాత్రమే: పికప్ వైరు ఎక్కడో తెగింది. యాక్టివ్ బేస్‌కి ఈ లెక్క పనికిరాదు.

## 9. యాక్టివ్ బేస్ బ్యాటరీ

చావబోయే బ్యాటరీ ఒక్కసారిగా ఆగదు. ముందు గట్టిగా మీటిన స్వరాలు చిరుగుతాయి, తర్వాత సౌండ్ సన్నబడుతుంది. కొత్త బ్యాటరీ 9 వోల్టులకు పైనే చూపిస్తుంది. 8 కిందికి దిగితే నేను మార్చేస్తాను.

చాలా బేస్‌లలో కేబుల్ పెడితే చాలు బ్యాటరీ ఖర్చు మొదలవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకండి. బ్యాటరీ కొత్తదైనా చిరుగుతుంటే బేస్ మీదున్న బూస్ట్ నాబ్‌లు తగ్గించండి, యాంప్‌లో యాక్టివ్ బటన్ ఉంటే నొక్కండి.

## 10. యాంప్, మిక్సర్

ఆదివారం చర్చిలో, కాలేజీ ఫెస్ట్‌లో చాలాసార్లు యాంపే ఉండదు. బేస్ కేబుల్ నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో దిగిపోతుంది. అక్కడే ప్రాణం పోతుంది. పాసివ్ బేస్‌కి అవతల దాదాపు 1 మెగా ఓమ్ నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ చాలావాటిలో 10 కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. ఫలితం మొద్దు, నీరసం. మిక్సర్‌లో గిటార్ కోసం హై-జెడ్ బటన్ ఉంటే నొక్కమనండి. లేదంటే డీఐ బాక్సు పెట్టండి. పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ మేలు, దానికి బ్యాటరీయో మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవరో కావాలి.

ఈక్యూని మధ్యలో పెట్టి మొదలుపెట్టి, కావాల్సింది పెంచే ముందు అక్కర్లేనిది తగ్గించండి.

- 40–80 హెర్ట్జ్: ఛాతీకి తగిలే బరువు. చిన్న స్పీకర్‌లో పెంచితే అది చిరుగుతుంది.
- 200–400: బురద. గుమ్‌మని కలగాపులగంగా ఉంటే ఇక్కడ తగ్గించండి.
- 700–1,000: స్వరం ఏదో చెవికి తెలిసేది ఇక్కడే.
- 2,000–4,000: వేలి, ఫ్రెట్ చప్పుడు.

పెద్ద తప్పు: ఈక్యూలో బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) నాబ్‌లు పెంచి మిడ్ (మధ్య స్వరాలు) తీసేయడం. గదిలో ఒంటరిగా వాయిస్తే బ్రహ్మాండం. రిథమ్ ప్యాడ్, కీబోర్డ్ కలవగానే బేస్ మాయం.

కీబోర్డ్ వాయించే అన్న ఎడమచేత్తో లో స్వరాలు పట్టుకుని ఉంటే ఏ ఈక్యూ మిమ్మల్ని కాపాడదు. “అన్నా, బేస్ ఉన్నంతసేపు కొంచెం ఎడమచెయ్యి తగ్గించండి” అని మర్యాదగా అడగడమే దారి.

## 11. గది

పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర సౌండ్ ఉబ్బుతుంది. ఓపెన్ ఎ తీగ 55. అందుకే చిన్న గదిలో ఒక్క ఎ స్వరం మాత్రం తలుపులు కదిలేలా మోగి, మిగతావి మామూలుగా ఉంటాయి. దానికి బేస్‌ను తిట్టి లాభం లేదు.

యాంప్‌ను మూల నుంచి బయటికి లాగండి, నేల మీంచి కుర్చీ ఎత్తుకి లేపండి, మీరు రెండడుగులు జరిగి వినండి. యాంప్ పక్కనే నిలబడితే సౌండ్ మీ మోకాళ్లకే వెళ్తుంది. స్టేజీ మీద దాన్ని వెనక్కి వాల్చి చెవి వైపు తిప్పండి.

## 12. వేళ్లు

ఇది చివర్లో పెట్టింది ఎవరూ ముందు వినరని.

- ఎడమ వేలు ఫ్రెట్ వెనకే, దాదాపు ఆనుకుని ఉండాలి. రెండు ఫ్రెట్ల మధ్యలో నొక్కితే గరగర.
- బ్రిడ్జ్ దగ్గర మీటితే సన్నగా, బిగుతుగా. నెక్ వైపు లావుగా, మెత్తగా. ఈక్యూ తిప్పే ముందు చెయ్యి జరిపి చూడండి.
- వినపడట్లేదని గట్టిగా మీటకండి. యాంప్ పెంచి మెత్తగా మీటండి. తీగ ఫ్రెట్లకి కొట్టుకోకపోతే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది.
- వాయించని తీగలను ఆపండి. “బురద” అని నా దగ్గరికి వచ్చిన రికార్డింగులు కొన్నింటిలో అసలు తప్పు ఓపెన్ ఇ తీగ వెనకాల మోగుతూ ఉండటమే.

## 13. పనివాడి దగ్గరికి వెళ్లాల్సి వస్తే

లేచిన ఫ్రెట్, లోతైన నట్ గాడి, కదలని ట్రస్ రాడ్, తెగిన పికప్ వైరు: ఈ నాలుగూ ఇంట్లో ప్రయోగాలు చేసేవి కావు.

- మీరు వాడే తీగల సెట్టు కొత్తది కొని వెంట తీసుకెళ్లండి. ఆయన దగ్గరున్న వేరే మందం తీగలతో సెట్టింగు చేస్తే, ఇంటికొచ్చి మీవి వేసుకోగానే అంతా మారిపోతుంది.
- ఏ తీగ, ఎన్నో ఫ్రెట్, ఎలాంటి చప్పుడు అన్నది చీటీ మీద రాసివ్వండి.
- అర మెట్టు కిందికి శృతి చేసుకుని వాయిస్తారా? ఆ మాట ముందే చెప్పండి.
- మీ కేబుల్ కూడా పట్టుకెళ్లండి. బేస్ బాగై ఇంటికొచ్చాక పట్‌పట్ మళ్లీ మొదలైతే, అది కేబుల్‌దే.